హెలికాప్టర్‌కు కొక్కెర తెగులు

రేగుల తండ,
నెల్లికుదురు మండలం,
మహబూబాబాద్ జిల్లా.

పిట్టల డాక్టర్ ఉస్మాన్ సాబ్‌కు తుల్సీబాయి శనార్థులు.

మీరు నన్ను ఎరుగరు. మా తండ బడిల పగటన్నం వండేది నేనే. ఏడో తరగతి దాంక చదివిన కాబట్టి రాసుడొస్తది, తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మా బడిల మిథున్ సారు ఉండె. మొన్న ఆయనకు బదిలీ అయింది. పోయేటప్పుడు సామానంత ఆటోల ఎక్కిచ్చి, ఆయన పిట్టను మాత్రం తెచ్చి నా చేతుల పెట్టిండు. "తుల్సమ్మా, దీన్ని సూసుకునుడు నాతోని అయితలేదు. నువ్వు రోజు వంటింటి కిటికీలకెళ్లి చూస్తనే ఉంటివి. నువ్వే ఉంచుకో. ఏమన్నయితే భూపాలపల్లిల పిట్టల డాక్టర్ ఉస్మాన్ అని ఉంటడు, గాయినకు రాయి" అన్నడు. ఫోన్ నంబర్ అడిగే లోపట ఆటో మలుపు తిరిగింది.

సారు చెప్పింది నిజమే. ఆ పిట్ట లేస్తుంటే పొయ్యి మీద అన్నం మాడుతున్నా నాకు సోయి ఉండకపోయేది. ఎట్ల లేస్తది, ఎందుకు లేస్తది అని ఒకటే ఆలోచన. ఇప్పుడు నా ఇంటికే వచ్చింది గని, వచ్చిన సంది దానికి అన్ని బాధలే.

కుడి రెక్క కొస గోడకు తాకి విరిగింది. లేపబోతే లేస్తలేదు, ఉన్న జాగలనే గిర్రున తిరుగుతుంది. సారు దానికి గంట సేపే మేత పెట్టేటోడు. నేను ఎక్కువ తింటే బలమొస్తదని మేతకు పెట్టి పండుకున్న. పొద్దున చూస్తే పొట్ట ఉబ్బి ఉన్నది. ముట్టుకుంటే వేడి.

ఏం చెయ్యాలెనో జర చెప్పుండ్రి. బతికిచ్చుకోవాలని ఉన్నది.

మీ జవాబుకు ఎదురుచూసే,
తుల్సీబాయి

తా.క. మా ఆయన చాంద్యా బోరు మోటార్లు బాగుచేస్తడు. పిట్టకు కీళ్ల కాడ కుట్టుమిషన్ నూనె పొయ్యమంటుండు. పొయ్యాల్నా?


భూపాలపల్లి.

తుల్సీబాయికి ఉస్మాన్ సలాం చెప్పి రాయునది.

ముందుగాల నూనె డబ్బా మీ ఆయన చేతులకెళ్లి గుంజుకో. కుట్టుమిషన్ నూనెనా? ఇన్నేండ్ల నా సర్వీసుల గింత మాట వినలే.

నేను సర్కారు దవాఖానల పనిచేసి దిగిపోయినోణ్ణి. అసలుకు కాంపౌండర్‌ను. జనం డాక్టరంటరు, నేను వద్దనలే. నాకు చెవులు సరిగ వినవడవు. ఫోన్ చేస్తే మా ఇంటిది చోటీ బీ మధ్యల దూరి నువ్వొకటి చెప్తే నాకొకటి చెప్తది. కాబట్టి ఉత్తరమే రాయి.

ఒక మాట. నువ్వు ఉత్తరమంత "పిట్ట" "పిట్ట" అని రాసినవు. అది "పెట్ట". పకారానికి ఎత్వం పెట్టాలె. పర్వాలేదు, పెద్ద చదువులు చదివినోళ్లు గూడ గిట్లనే రాస్తరు. ఇగ నుంచి సరిగ రాయి.

ఇప్పుడు వైద్యం చెప్త.

పొట్ట ఉబ్బుడు ఎక్కువ మేపినందుకే. గది చాన పరేషాన్ చేసే సంగతి. పొట్ట ఉబ్బినదాన్ని ఇంట్ల పెట్టుకోవద్దు. పొయ్యి కాడ అసలే పెట్టొద్దు. బయట, నీడకు, పొడి ఇసుకల పెట్టు. ఇగ దానికి మేత పెట్టకు. మళ్ల ఎన్నడన్న మేత పెట్టినా పక్కన కూసొని పెట్టు, పెట్టి పండుకోకు.

రెక్క ఒకదిక్కు పొట్టిగ, ఒకదిక్కు పొడుగ్గ ఉంటే ఒరిగి పడ్తది. రెండోదాన్ని గూడ అంతే కత్తిరియ్యి. కొలిచి కత్తిరియ్యి, ఉజ్జాయింపుగ కాదు.

గిర్రున తిరుగుడు గురించి: తోక చూడు. తోక మొదట్ల దారమో, వెంట్రుకో చుట్టుకుంటది. కండ్లకు కనవడది, ఏలుతోని తడుముకోవాలె. చాన మంది అది చూడక రోగమనుకుంటరు.

ఏ సంగతైనా వెంటనే తెలుపగలవు.

ఇట్లు,
ఉస్మాన్

తా.క. గుడ్లు పెట్టిందా లేదా రాయలే. గది ముఖ్యం.


రేగుల తండ.

డాక్టర్ సాబ్‌కు తుల్సీబాయి చేతులెత్తి మొక్కి రాసేది.

మీరు డాక్టర్ కాదు, దేవుడు. పిట్టలకు, తప్పయింది, పెట్టలకు గూడ సర్కారు దవాఖాన ఉంటదని మాకు తెల్వకపాయె. సర్కారు ఎంత మంచిది!

మీరు చెప్పినట్టే పొట్టను తీసి, బడి ఎనుక ఇసుకకుప్పల పెట్టిన. పిల్లలకు అన్నం వడ్డిస్తున్న, బుస్సుమని సప్పుడైంది. పోయి చూద్దును గద, ఉబ్బిన పొట్ట పొగలు గక్కుకుంట మండుతుంది. మీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యమైతే ఆ మంట మా ఇంట్ల లేచేది. పైన అంత తాటాకు.

మా బిడ్డ అఖిల హన్మకొండల చదువుతది. అది కొత్త పొట్ట తెచ్చింది. పెట్టినం. మంచిగ కుదిరింది. ఇప్పుడు పక్కన పీట ఏసుకొని కూసొని మేత పెడుతున్న.

రెక్కలు రెండు కొలిచి కత్తిరిచ్చిన. మునుపటంత ఎత్తు లేస్తలేదు గని ఒరుగుడు బందయింది. తోక మీరు చెప్పినట్టే ఏలుతోని తడుముకున్న. మొదట్ల వెంట్రుక చుట్టుకొని ఉన్నది సాబ్! నాదే, ఇంత పొడుగు. చిమ్టాతోని లాగితే వచ్చింది. గిర్రున తిరుగుడు ఆగింది. చూడకుంట, ముట్టకుంట, ఎక్కడో భూపాలపల్లిల కూసొని మీకెట్ల తెలిసింది?

గుడ్ల సంగతి మాకు సమజ్ కాలే. నేను, చాంద్యా ఒక పొద్దంత ఆలోచన చేసినం. ఆఖరికి చాంద్యాకే తట్టింది. కింద రెండు పుల్లలు అడ్డంగ కట్టి, నాలుగు కొసలకు గుడ్డంత గుడ్డంత ప్లాస్టిక్ బంతులు పెట్టినం. ఇప్పుడు దిగేటప్పుడు బోర్ల పడ్తలేదు. నాలుగు గుడ్ల మీద ముద్దుగ కూసుంటుంది. గిది గూడ మీరు చెప్పబట్టే.

ఇగ దీన్ని మంచిగ లేపుడు ఎట్లనో నేర్పుండ్రి.

మీ దయ మరువని,
తుల్సీబాయి

తా.క. చాంద్యా మీ మాట విని కుట్టుమిషన్ నూనె పోస్తలేడు గని, డబ్బా పట్టుకొని దాని చుట్టు తిరుగుతుండు.


భూపాలపల్లి.

చెల్లె తుల్సీబాయికి ఉస్మాన్ దీవెన.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మా చోటీ బీ ఒక్కసారే చదివి, కొంగు నోట్ల కుక్కుకొని వంటింట్లకు ఉరికింది. ఎందుకు నవ్వుతున్నవే అంటే చెప్పది. ఆమెకు వైద్యం విలువ తెల్వది.

పొట్ట మండిందని రాసినవు. కడుపుమంట ఎక్కువ మేపితే వచ్చేదే. గని కొత్త పొట్ట అంటే ఏంది చెల్లె? తిత్తి కోసి, లోపలున్నది కడిగి, కుట్లేసుడు నేను గూడ చేసిన. కొత్తది తెచ్చి పెట్టుడు మాత్రం కనలే, వినలే. హన్మకొండల ఆ డాక్టరెవడు? ఎక్కడ చదివిండు? ఏ దారంతోని కుడతడు? అడిగి రాయి. నా పాత పుస్తకాలన్ని అటక మీదికెళ్లి దించి చూసిన, ఒక్కదాంట్ల లేదు. దిగిపోయినంక లోకం గింత ముందుకు పోయిందా అనిపిచ్చింది.

గుడ్డు పెట్టిందంటే ఆరోగ్యం మీద ఆశ ఉన్నట్టే. నాలుగు పెట్టిందంటున్నవు, సంతోషం. పుల్లలు ఎందుకు కట్టినవో సమజ్ కాలే. విప్పెయ్యి.

నీరసం మీద ఉన్నదాన్ని లేపుడు తొందరపడి చేసే పని కాదు. నేను చెప్పినట్టు చెయ్యి:

పొద్దుగాల, గాలి లేనప్పుడే బయటికి తియ్యి. ముందు మోకాలెత్తు కంటె ఎక్కువ లేవనియ్యకు. ఎప్పుడు దాని ఎనుకనే నిలబడు. అది చూసే దిక్కే నువ్వు చూడాలె. ముందటికి పోయి మొకంల మొకం పెట్టకు. పెడితే అది బెదురుతది, నువ్వు బెదురుతవు, ఎటు పోతదో ఇద్దరికి తెల్వది. గట్టిగ పట్టి గుంజకు. చెయ్యి మెత్తగుండాలె. అది ఒరుగుతుంటే, ఒరిగినంక కాదు, ఒరగకముందే సదురుకోవాలె.

ఇంకొక సంగతి మనసుల పెట్టుకో. మెడ వంకర పోవుడు, వణుకుడు, కూత మారుడు, మళ్ల గిర్రున తిరుగుడు, ఇవ్విట్ల ఏది కనవడ్డా ఆ రోజే రాయి. గది కొక్కెర తెగులు. అంటుకునే రోగం. తండల ఒక్కటి మిగలది.

మీ క్షేమం కోరే,
అన్న ఉస్మాన్

తా.క. నూనె డబ్బాను బాయిల పారెయ్యి.


రేగుల తండ.

అన్న ఉస్మాన్ సాబ్‌కు చెల్లె తుల్సి శనార్థులు.

అన్నా, లేచింది! నేను లేపిన!

మీరు చెప్పినట్టే పొద్దుగాల, ఆకు కదలని యాళ్ల, బడి ముందటికి తీసుకపోయిన. దాని ఎనుకనే నిలబడ్డ. ఏలు ఇంత జరిపితే ఇంత లేచింది, అంత జరిపితే అంత లేచింది. మొదట్ల గట్టిగ జరిపిన, ఎగిరి పడ్డది. మీ మాట యాదికొచ్చి చెయ్యి మెత్తగ పెట్టిన. ఒరగకముందే సదురుకోవాలె అన్నరు గద, ఆ మాటకు మర్మం నాకు వారం దినాలకు తెలిసింది. పిండి జల్లెడ పడ్తుంటే చేతులు వాటంతటవే ఎట్ల కదుల్తయో గట్ల అయింది. అప్పుడు అది మోకాలెత్తుల గాలిల నిలబడ్డది అన్నా. ముందుకు పోలే, ఎనుకకు రాలే. అన్నం గంజి వంచుడు మరిచిపోయిన. పిల్లలు ఆ పొద్దు జావ తాగినరు, ఒక్కడన్న ఏమనలే.

పుల్లలు మాత్రం విప్పలే. భయమైంది. కోపం చెయ్యకుండ్రి.

ఇంకొక తప్పు గూడ చేసిన. ముందటికి పోవద్దని మీరు రాసినరు. వద్దన్నరంటే అక్కడ ఏమున్నదో చూడాలని నాకు ఒకటే ఇది. నిన్న దాని మొకం నా దిక్కు తిప్పిన. అంతే, అంత తారుమారు! ఎదురుంగ నిలబడ్డ మనిషికి బొట్టు పెట్టేటప్పుడు కుడి ఎడమ మారినట్టు, నేను అటంటే అది ఇటు వచ్చింది. ఇటు వచ్చి చాంద్యా నెత్తి మీది రుమాలు ఎత్తుకొని, బర్రె కొమ్ముకు తగిలిచ్చి, కింద పడ్డది. బర్రె రుమాలుతోని ఊరంత తిరిగింది.

గప్పటి నుంచి మీరు రాసిన బాధలన్ని వచ్చినయి. మెడ వంకరైంది. లేపితే ఒళ్లంత వణుకుతుంది. కూత మారింది, గీ పెడ్తుంది. మళ్ల ఉన్న జాగల తిరుగుతుంది. కీళ్లు వదులైతున్నయి. అఖిల గోర్ల రంగు పెడితే ఊడవన్నది, కీలు కీలుకు ఎర్రగ పూసిన. చూడ ముద్దుగున్నది గని తక్కువైతలేదు.

మీరు అంటుకునే రోగమన్నరు, నిజమేనన్నా. మా గంగి పెద్దమ్మ మొదలు నన్ను తిట్టింది. ఇప్పుడు పొద్దుగాలనే వచ్చి బడి గోడకు కూసుంటుంది. ఎనుకింటోళ్లకు అంటుకున్నది. పక్క తండోళ్లకు గూడ అంటుకునేటట్టున్నది.

ఇప్పుడేం చెయ్యాలె?

దిక్కుతోచని,
చెల్లె తుల్సి

తా.క. కొత్త పొట్ట పెట్టిన డాక్టర్ పేరు అడిగినరు. దుకాణం పిలగాడంట. దారంతోని కుట్టలే, నొక్కితే టక్కుమని కూసున్నది.


భూపాలపల్లి.

చెల్లెకు,

సలాములకు, క్షేమాలకు తీరిక లేదు. నీ ఉత్తరం చదివిన వెంటనే చెప్పులు తొడుక్కొని దవాఖానకు పోయిన. చోటీ బీకి గూడ చెప్పలే.

గది కొక్కెర తెగులే. మెడ, వణుకు, కూత, తిరుగుడు, అన్ని కలిసినయి. గాలిల నిలబడ్డదని నువ్వు సంబురపడ్డవు గని, అది నిలబడుడు కాదు చెల్లె, రోగం తలకెక్కి ఎగిరెగిరి పడుడు. నా మనసు కలుక్కుమన్నది. టక్కుమని పొట్ట పెట్టే దుకాణం పిలగాని సంగతి తరువాత చూస్త, వాణ్ణి ఇడువ.

నా కాడ పని నేర్చుకున్న రవీందర్ ఇప్పుడు మహబూబాబాద్ దిక్కు డాక్టరుగున్నడు. ఆయనకు కబురు చేయించిన. బేస్తారం నాడు జీపేసుకొని మీ తండకు వస్తడు. ప్రతి ఇంటి కోడికి టీకా ఎయ్యాలె. రోగం ముదిరినదాన్ని మాత్రం చంపి, గుంత తీసి, సున్నం చల్లి పూడ్వాలె. నువ్వు గుండె గట్టి చేసుకో. నీ పెట్ట మీద నీకెంత పానమో ఉత్తరాలల్ల చూస్తనే ఉన్న. గని ఒక్కదాని కోసం తండంత పోతది.

ఎవ్వరు కోడిని దాచిపెట్టకుండ చూడు. గది నీ జిమ్మ.

బాధతోని,
అన్న ఉస్మాన్

తా.క. నీ పెట్టను ఆఖరుసారి చూసుకునేటప్పుడు ముట్టుకోకు. దూరంకెళ్లి చూడు.


రేగుల తండ.

ఉస్మాన్ సాబ్‌కు తుల్సీబాయి రాసేది.

అన్నా అని రాయాల్నా వద్దా నాకు తెలుస్తలేదు. ముందు జరిగింది చెప్త.

మీ ఉత్తరం, జీపు ఒక్క పొద్దే వచ్చినయి. ఉత్తరం విప్పి "చంపి, గుంత తీసి" అన్నకాడికి చదివిన్నో లేదో, జీపు బడి ముందట ఆగింది. రవీందర్ సాబ్, ఇంకిద్దరు దిగినరు. మూతికి గుడ్డలు, చేతులకు రబ్బరు తొడుగులు. ఒకని చేతుల గడ్డపార, ఒకని నెత్తి మీద సున్నం బస్తా. తండల ఒకటే ఉరుకుడు. గంగి పెద్దమ్మ తన కోడిని వడ్ల గుమ్మిల దాచింది. ఎనుకింటోళ్లు మా బడి అన్నం గంజుల పెట్టి మూత ఏసినరు, నాకు చెప్పకుంట. నేను మూత తీసిన, అది నా మొకం మీదికెళ్లి ఎగిరింది. ఒక్కొక్కదాన్ని పట్టి టీకాలేసేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది.

అప్పుడు రవీందర్ సాబ్ అడిగిండు, "తుల్సీబాయి ఎవరు?"

"నేనే సార్."

"ఉస్మాన్ సాబ్‌కు ఉత్తరాలు రాసింది నువ్వేనా? రోగమున్న కోడి ఏది?"

"మా ఇంట్ల కోడే లేదు సార్."

"అబద్ధం చెప్పకమ్మ. దాస్తే తండకే నష్టం. మెడ వంకరైంది, కొత్త పొట్ట పెట్టినం అని రాసినవు గద. ఆ పెట్ట ఏది?"

పెట్టనా? నాకు ఏడుపొచ్చింది. ఇంట్లకు పోయి, అల్మారిలకెళ్లి తీసి, గుడ్డల చుట్టి, దూరం జరిపి పట్టుకొని తెచ్చిన. ముట్టుకోవద్దని మీరు రాసినరు గద. గడ్డపార పిలగాడు గుంత తవ్వుతనే ఉన్నడు. రవీందర్ సాబ్ గుడ్డ విప్పిండు. చూసిండు. మూతికున్న గుడ్డ తీసి మళ్ల చూసిండు.

"గిది హెలికాప్టర్ గదమ్మా" అన్నడు.

"అవు సార్, రిమోట్‌తోని లేసేది. మిథున్ సారు దీన్ని పిట్ట, బ్యాటరీని పొట్ట, చార్జింగును మేత అనెటోడు. ఉస్మాన్ సాబేమో పిట్ట కాదు, పెట్ట అనాలె అన్నడు."

ఆయన పొయ్యి పక్కకున్న నా పీట మీద కూలబడ్డడు. నవ్వుకు భుజాలు అదిరినయి. గుంత తవ్వే పిలగాడు వచ్చి "ఎంత లోతు తవ్వాలె సార్" అని అడిగిండు.

నవ్వింది ఆయనొక్కడే సాబ్. తండోళ్లు నవ్వలే. గంగి పెద్దమ్మ కోడి గుమ్మిల ఊపిరాడక సొమ్మసిల్లింది, నీళ్లు చల్లి లేపినరు. అందరు నా మీదికొచ్చినరు. "గీ ఆట సామాను కోసం మా కోళ్లను చంపబోయినవు, గుంత తవ్వే ఉన్నది, దీన్నే పూడ్వుండ్రి" అన్నరు. చాంద్యా గూడ తల వంచుకొని నిలబడ్డడు.

"పూడ్వుండ్రి గని ఒక్కసారి చూసి పూడ్వుండ్రి" అన్న. మెడ లోపటి వంకరైన ఇనుప పుల్లను అంతకు ముందే చాంద్యా సరిచేసి పెట్టె. అద్దం మీద దొర్లిచ్చి, అదురకుంట దొర్లే దాంక కొట్టి సరిచేసిండు. అందరి నడుమ కింద పెట్టి, ఎనుక నిలబడ్డ. చెయ్యి మెత్తగుండాలె, చెయ్యి మెత్తగుండాలె అని మీ మాటే అనుకున్న. లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు, నెత్తెత్తు. గంగి పెద్దమ్మ కండ్ల ముందటికి పోయి ఆగింది. దాని గాలికి ఆమె నెరిసిన ఎంటికలు ఎగిరినయి. మెల్లగ ఎనుకకు తెచ్చి దింపిన.

పెద్దమ్మ తన కోడిని చంకల సర్దుకొని, "ఇంకొక్కసారి లేపవే" అన్నది.

గుంతల ఇప్పుడు కరివేపాకు మొక్క పెట్టినం. రవీందర్ సాబ్ "నాకొకసారియ్యి" అని అడిగిండు. ఇయ్యలే.

కోళ్ల డాక్టరని మీరు ముందుగాల ఎందుకు చెప్పలే? నాకు కోపమొచ్చింది. గని కోపం కంటె ఎక్కువ ఇంకొకటి తొలుస్తుంది, నిద్ర పడ్తలేదు. ఇసుకల పెట్టమన్నది, రెక్కలు కొలవమన్నది, తోకకు వెంట్రుక ఉంటదన్నది, ఎనుక నిలబడమన్నది, అంత కోడికే చెప్తిరి గద. మరి హెలికాప్టర్‌కు ఎట్ల కుదిరింది?

జవాబియ్యాలె,
తుల్సీబాయి

తా.క. రవీందర్ సాబ్ రిపోర్టుల "రోగి ప్లాస్టిక్" అని రాసుకొని, మళ్ల కొట్టేసిండు.


భూపాలపల్లి.

తుల్సీబాయి గారికి ఉస్మాన్ తల వంచి రాయునది.

రవీందర్ ఫోన్ల మూడుసార్లు చెప్పిండు. మూడుసార్లు నాకు "అలెగ్జాండర్" అనే వినవడ్డది. ఆఖరికి చోటీ బీ పలక మీద హెలికాప్టర్ బొమ్మ గీసి చూపిచ్చింది.

నువ్వడిగినదానికి నాకు తెలిసింది రాస్త. నాకు హెలికాప్టర్ తెల్వది. ఎగిరేదానికి రెండు దిక్కులు సమంగ ఉండాలని తెలుసు. ఎక్కువ మేపితే ఏదైనా చెడుతదని తెలుసు. మిగిలింది, నువ్వు మంచిగ చూసుకున్నవు కాబట్టి కుదిరింది. నా గొప్ప కాదు. గుడ్లు పుల్లలకు కట్టుడు నా పుస్తకాలల్ల లేదు, గది మీ చాంద్యా తెలివి. నూనె గూడ ఆయన ఇష్టమున్నకాడ పొయ్యమను.

మీ తండను గింత పరేషాన్ చేసినందుకు మాఫీ అడుగుతున్న. గంగి పెద్దమ్మకు నా సలాం చెప్పు. దవాఖానల చిన్న చిన్న పోరగాండ్లు నన్ను చూసి "సాబ్, బస్సుకు గూడ టీకా ఎయ్యాల్నా" అంటున్నరు. అటు దిక్కు పోవుడు బంద్ చేసిన.

పిట్టల డాక్టర్ ఉస్మాన్ అంటే నేను కాదు, ఇంకొకాయన ఉంటడంట. ఆయన జాడ దొరికితే నీకు తెలుపుత. ఇగ ఆయనకే రాయి. నాకు రాయకు. నా కాడ నీకు పనికొచ్చేది ఏం లేదు.

"పిట్ట" అనే నువ్వు రాసింది. సరిగనే రాసినవు. దిద్దినందుకు మన్నించగలవు.

ఇగ సెలవు,
ఉస్మాన్


చెల్లె తుల్సికి నీ వదినె చోటీ బీ సలాం.

గీ కాయితం ఆయన కవర్ల నేను పెడుతున్న. ఆయనకు తెల్వది. మేం ఇంట్ల దక్కనీ మాట్లాడ్తం, నాకు తెలుగు రాసుడు అంతంతే. తప్పులుంటే పెట్టను పిట్ట చేసుకొని చదువు.

ఆయన రాసింది నమ్మకు. ఆయనకు రాయి.

సంగతేందంటే, నీ మొదటి ఉత్తరం వచ్చిన నాడు మా పోస్టుమాన్ ప్రేమ్‌చంద్ మళ్ల ఉరికొచ్చిండు. "అమ్మా, తప్పయింది, గది చిన్న హెలికాప్టర్లు బాగుచేసే ఉస్మాన్‌కు వచ్చిన ఉత్తరం. ఆయన దుకాణం మూసి ఎటో పోయిండు, జాడ లేదు. ఇటియ్యి, వాపసు పంపుత" అన్నడు. నేను లోపటికొచ్చి చూసిన. అప్పటికే మా ఆయన కవరు చింపి, అద్దాలు పెట్టుకొని, కలం ఏదే అని ఇల్లంత దేవులాడుతుండు.

చెల్లె, నౌకరి దిగినంక ఆయన గోడ దిక్కు మొకం పెట్టి కూసునుడే. చెవులు వినవడవు కాబట్టి నలుగుట్ల కూసోడు. గడ్డం గీక్కోడు, అన్నం ఏందని అడుగడు. ఆ పొద్దు గడ్డం గీక్కున్నడు. నేను బయటికొచ్చి, "ఉత్తరం మాదే ప్రేమ్‌చంద్, నువ్వు పో" అన్న.

పొట్ట మార్చినమని నువ్వు రాసినప్పుడే చెప్పాలె. చెప్పుదామనే పోయిన. ఆయన నడుమ నొప్పి మరిచి అటకెక్కి పుస్తకాలు దింపుతుండు. కింద నిలబడి పుస్తకాలు అందుకొని మళ్లొచ్చిన. గని జీపు పంపిస్తడని కలల గూడ అనుకోలే. తెలిస్తే తలుపుకు అడ్డం పడుదును. మీ తండ కోళ్లన్నిటికి, గుమ్మిలున్నదానికి మరీ మరీ, నా మాఫీ చెప్పు.

"ఇగ రాయకు" అని రాసి రెండు దినాలాయె. మళ్ల గోడ దిక్కే కూసుంటడనుకున్న. కూసోలే. మొన్న పంక విప్పి మూడు రెక్కలు తరాజుల తూకమేసిండు. సమంగ లేవంట. ఒకదాన్ని కోసిండు. ఇంకా సమం కాలేదని రెండోదాన్ని కోసిండు. ఇప్పుడు మేం ఇసనకర్రతోని ఇసురుకుంటున్నం. "ముందటికి తిప్పితే కుడి ఎడమ ఎందుకు మారుతదే" అని అన్నం తినుకుంట నన్ను అడుగుతుండు. నాకేం ఎరుక? నువ్వు రాయి ఆయనకు. నీకు తెలిసినా తెల్వనట్టు అడుగుతూ రాయి.

మంచిగున్నదని మాత్రం రాయకు చెల్లె. మంచిగుంటే ఆయనకేం పని?

నీ మీద ఆశ పెట్టుకున్న,
వదినె చోటీ బీ

తా.క. అల్లా దయతోని నీ పిట్టకు నెలకొక్క రోగమన్న రావాలె.